రత్నం వినని చప్పుడు

కరోనా రెండో విడత తగ్గి, హైటెక్ సిటీ ఆఫీసులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్న సంవత్సరం అది. పుప్పాలగూడలో మా గ్యారేజీ ముందు మళ్ళీ క్యాబ్‌ల రాకపోకలు మొదలయ్యాయి. ఇళ్ళ కింద సెల్లార్లలో నెలల తరబడి కదలకుండా పడి ఉన్న కార్లు నా దగ్గరికి వరసకట్టాయి. కొన్నింటికి బ్యాటరీ చచ్చిపోయింది. కొన్నింట్లో ఎలుకలు వైర్లు కొరికేశాయి. బండి నడిస్తేనే పాడవుతుందని అందరూ అనుకుంటారు కానీ, నిలబెట్టినా పాడవుతుందని ఆ ఏడాది చాలామందికి తెలిసొచ్చింది.

నేను ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణే. మొదట్లో పొలాల్లో డీజిల్ పంపుసెట్లు బాగుచేసేవాణ్ణి. పొలాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాక కార్లకు మారాను. పంపుసెట్టయినా కారయినా డీజిల్ ఇంజన్ను ముందు చెవితో చూడాలి, తర్వాతే చేత్తో ముట్టుకోవాలి. నాకు పని నేర్పినాయన చెప్పిన మాట ఇది. ఈ పనిలో సగం వినడమే.

రత్నం నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. గుంటూరు వైపు నుంచి వచ్చి, మా గ్యారేజీ వెనక సందులో కిరాయికి ఉండేవాడు. ఆఫీసు ఉద్యోగులను తీసుకెళ్ళే క్యాబ్ నడిపేవాడు. అతనిది చిన్న టర్బో డీజిల్ కారు. టర్బో అంటే ఇంజన్లోకి ఎక్కువ గాలిని నెట్టే చిన్న చక్రం. ఇంజన్ వదిలే పొగ వేగంతోనే అది తిరుగుతుంది. దాని వేగం మన ఊహకు అందదు. ఆ వేగాన్ని తట్టుకోవడానికి దానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం ఇంజన్ ఆయిల్. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వచ్చి, వచ్చీ రాగానే టక్కున తాళం తిప్పేస్తే ఆయిల్ ఆగిపోతుంది, చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అలా ఆయిల్ లేక పొడిగా తిరిగితే అరిగిపోతుంది. అందుకే బండి ఆపాక కాసేపు ఇంజన్ను అలాగే వదిలి, ఆ తర్వాత ఆర్పాలి. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పాటించినవాళ్ళు తక్కువ. రత్నం పాటించేవాడు. ఆయిల్ మార్చడానికి కూడా గడువు రాకముందే వచ్చి నిలబడేవాడు. అన్ని కిలోమీటర్లు తిరిగిన బండి అంత నిమ్మళంగా నడవడం నేను అరుదుగా చూశాను.

ఒకరోజు మధ్యాహ్నం అతని భార్య సలోమి ఒక్కతే గ్యారేజీకి వచ్చింది. ఆమె గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం మీదే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోకుండా, నిలబడే సంగతి చెప్పింది. పొద్దున బండి స్టార్ట్ చేయగానే డబ్బాలో బోల్టులు వేసి ఊపినట్టు చప్పుడు వస్తోందట. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు ఆమె గమనించిందట. భర్తను అడిగితే, అదేం లేదులే అన్నాడట. ఆ తర్వాతి ఆదివారం అడిగినా అదే మాట.

నేను నమ్మలేకపోయాను. చిన్న కిర్రుమన్న శబ్దానికే పని మానుకుని వచ్చే మనిషి రత్నం. అంత చప్పుడు చేస్తుంటే పట్టించుకోకుండా ఉంటాడా? అదే మాట ఆమెతో అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది: "బండి సంగతే కాదన్నయ్యా. ఆయన నాతో మాట్లాడటమే మానేశారు. ఏదైనా చెబితే తలూపుతారు, అంతే. నేనేం తప్పు చేశానో తెలియట్లేదు."

బండి నేను చూస్తాను, ఫికర్ పడకమ్మా అని పంపించాను. ఆమె వచ్చిన సంగతి రత్నంకు చెప్పొద్దని కోరింది. ఆ మాట నిలబెట్టుకోవాలనే అనుకున్నాను.

ఆయిల్ చూడాలన్న వంకతో రత్నంకు మెసేజ్ పెట్టాను. సాయంత్రమే బండి వదిలిపెట్టి వెళ్ళి, మర్నాడు పొద్దున రమ్మన్నాను. అలా ఎందుకంటే, ఆమె చెప్పిన చప్పుడు నేను అనుకున్నదే అయితే అది ఇంజన్ పూర్తిగా చల్లారాక, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే స్పష్టంగా తెలుస్తుంది. ఈ చిన్న డీజిల్ ఇంజన్ల లోపల సైకిల్ చైనులాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని టైమింగ్ చైన్ అంటారు. పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి తగలకుండా సమయానికి తప్పుకునేలా చూసేది అదే. ఏళ్ళు గడిచేకొద్దీ అది సాగుతుంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ అనే భాగం ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. చల్లటి ఇంజన్లో ఆ ఒత్తిడి రావడానికి కాస్త సమయం పడుతుంది కాబట్టి ఆ కాసేపు సాగిన చైను లోపల కొట్టుకుంటుంది. ఆ చప్పుడే ముందస్తు హెచ్చరిక. అది విని బండి తెస్తే చైను మార్చి పంపిస్తాం. వినకుండా తిప్పితే ఒకరోజు చైను పళ్ళు జారి, పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి. ఇక ఆ ఇంజన్ పనికిరాదు. ఆ సమయానికి బండి ఔటర్ మీద ఉంటే జరిగేది ఇంజన్ నష్టం ఒక్కటే కాదు.

మర్నాడు పొద్దున రత్నం వచ్చాడు. బానెట్ ఎత్తి పక్కన నిలబడ్డాడు. నేను స్టార్ట్ చేశాను.

సలోమి చెప్పింది అక్షరాలా నిజం. కరకరమని లోపలంతా కొట్టుకుంది. పక్క షాపులో టైర్లు దించుతున్నవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. మామూలుగా కొద్దిసేపటికి తగ్గాల్సిన చప్పుడు ఈ బండిలో పూర్తిగా తగ్గనేలేదు. నేను దిగి రత్నం మొహం చూశాను. అతను తృప్తిగా ఇంజన్ వంక చూస్తూ నిలబడ్డాడు.

"చూడండి శీనుగారూ, ఎంత మెత్తగా ఉందో," అన్నాడు.

అతను వెటకారం చేసే మనిషి కాదు. నేను బానెట్ చుట్టూ తిరిగి అతని వెనక్కి వెళ్ళాను. వెనక నుంచి, రత్నమన్నా, చాయ్ తాగుతవా అని మామూలు గొంతుతో అడిగాను. అతను కదలలేదు. మళ్ళీ అడిగాను. ఆ వీపు అలాగే ఉంది.

అప్పట్లో అందరికీ మాస్కులు ఉండేవి. నేను అతని ఎదురుగా వచ్చి, కాస్త దూరంలో నిలబడి, మాస్కు కిందికి లాగాను. అతని కళ్ళు వెంటనే నా పెదవుల మీదికి వచ్చాయి. నిదానంగా, ఒక్కొక్క మాట విడదీసి అడిగాను.

"అన్నా, ఈ చప్పుడు నీకు వినిపిస్తలేదా?"

అతను తల వంచుకుని, "లేదండి," అన్నాడు.

చేతిలో ఎప్పుడూ ఉండే పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉంది. ఇంజన్లో ఏ భాగం నుంచి శబ్దం వస్తోందో కనిపెట్టడానికి మెకానిక్‌లందరం దాన్ని వాడతాం. కొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి చప్పుడు దాని గుండా వస్తుంది. పక్కన గోల ఎక్కువగా ఉంటే నేను పిడిని చెవి వెనక ఎముకకు ఆనించుకుంటాను, అది పంపుసెట్ల రోజుల నుంచి నా అలవాటు. ఇంకాస్త దగ్గరగా అయితే అతనికి వినపడుతుందేమోనని, ఆ స్క్రూడ్రైవర్ కొనను చైను ఉండే వైపు కవరు మీద పెట్టాను. పిడిని అతని చెవి వెనక ఎముకకు ఆనించి, పట్టుకోమని సైగ చేశాను.

రత్నం ఉలిక్కిపడ్డాడు. పిడిని గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"వినపడుతోందండి," అన్నాడు. కాసేపాగి, "చైనే కదండీ ఇది. సాగిపోయింది," అన్నాడు.

అతని చెంపల మీద నుంచి నీళ్ళు కారి మాస్కులోకి దిగుతున్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. స్క్రూడ్రైవర్‌ను మెల్లగా జరుపుతూ ఇంజెక్టర్ల మీద పెట్టాడు, ఆల్టర్నేటర్ మీద పెట్టాడు, వంగి టర్బో పక్కన పెట్టాడు. ఒక్కొక్క చోట ఆగి విన్నాడు. అలాంటి ఇంజన్ను వెంటనే ఆపేయాలి. కానీ నేను తాళం దగ్గరికి వెళ్ళి కూడా చేయి వెనక్కి తీసుకున్నాను. అతను తలెత్తి, ఇక చాలన్నట్టు చూసేదాకా ఆగాను.

తర్వాత ఇద్దరం లోపల కూర్చున్నాం. అతను చెప్పుకుంటూ పోయాడు. చెవిలో ఎప్పుడూ ఒక హోరు ఉంటుందట. మొదట ఫోన్ మాటలు తప్పిపోవడం మొదలైంది. విచిత్రం ఏమిటంటే ట్రాఫిక్‌లో, అందరూ గొంతు పెంచి మాట్లాడే చోట, కాస్త నయంగానే వినిపించేది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాత్రం మనుషుల మాటలు అందేవి కావు. పెదవులు చూసి నెట్టుకొచ్చాడు. అందరూ మాస్కులు కట్టుకున్నాక ఆ దారీ మూసుకుపోయింది. ఒకరోజు వెనక సీట్లో అమ్మాయి వేరే గేటు దగ్గర ఆపమని ఎన్నిసార్లు చెప్పినా ఆపకుండా పోయాడట. ఆ అమ్మాయి భయపడి అతని భుజం తట్టిందట. ఆ భయం చూశాక అతనికి వారం రోజులు అన్నం సహించలేదు.

క్యాబ్ కాంట్రాక్టు పోతుందని దాచావా అని అడిగాను. అదీ ఉందన్నాడు. కానీ అసలు కారణం అది కాదు.

"ఆవిడ కరోనా వార్డులో చేసిందండి. అన్ని నెలలూ అవే చూసి ఇంటికొచ్చేది. ఇంట్లో కూడా ఒక పేషెంట్‌ని ఎలా తగిలించమంటారు?" అన్నాడు.

నేను అంతవరకూ సలోమికి ఇచ్చిన మాట గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ మాట విన్నాక ఇక దాచబుద్ధి కాలేదు.

"ఆమె ఏమనుకుంటుందో ఎరుకేనా అన్నా?" అని అడిగాను. "నువ్వు కోపంతోని మాట్లాడ్తలేవని అనుకుంటుంది. తనేం తప్పు చేసిందోనని పరేషానైతుంది."

అతనికి అందలేదు. మళ్ళీ చెప్పాను, ఇంకా నిదానంగా. ఈసారి అందింది. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

బండి మాత్రం నేను ఇవ్వలేదు. తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. చైను సంగతి ఒక ఎత్తు. వెనక లారీ హారన్ కొడితే వినపడని మనిషిని, ఉద్యోగులను ఎక్కించుకుని రోడ్డు మీదికి పంపలేను. ఆ మాట చెబితే అతను వాదించలేదు. ఇంటికి వెళ్ళి ఆమెకు నీ నోటితో చెప్పమన్నాను. నడుచుకుంటూ వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి వచ్చారు. సలోమి కళ్ళు వాచి ఉన్నాయి. కానీ ఆమె అడిగిన మొదటి ప్రశ్న నర్సు అడిగిన ప్రశ్న. స్క్రూడ్రైవర్‌ను ఎక్కడ ఆనించారన్నయ్యా, చెవి రంధ్రం దగ్గరా, వెనక ఎముకకా అంది. ఎముకకే అన్నాను. పిడి తీసేస్తే ఏమీ వినపడలేదా అంది. లేదన్నాను. మళ్ళీ చేసి చూపించమంది. ఇంజన్ను ఇంకోసారి స్టార్ట్ చేయడం ఇష్టం లేక, బల్ల మీద ఉన్న గోడగడియారాన్ని తెచ్చి స్క్రూడ్రైవర్ కొన దానికి ఆనించాను. పిడిని ఆమె తన చేత్తోనే భర్త చెవి వెనక పెట్టింది. అతను టిక్కు టిక్కుమని వేలితో తాళం వేశాడు. పిడి తీసేసి గడియారాన్ని చెవి ముందు పెడితే వేలు ఆగిపోయింది.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"నరం బాగుందన్నయ్యా," అంది. "నరం బాగుంటే దారి ఉంది."

నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత ఆమే వివరంగా చెప్పింది. చెవి లోపల గొలుసులా మూడు బుల్లి ఎముకలు ఉంటాయట. బయటి శబ్దాన్ని అవి లోపలి నరానికి అందిస్తాయి. వాటిలో ఒకటి బిగుసుకుపోతే శబ్దం అక్కడే ఆగిపోతుంది. కానీ తల ఎముక గుండా వచ్చే శబ్దం నేరుగా నరానికి చేరుతుంది. రత్నంకు జరిగింది అదే. ఆసుపత్రిలో చెవి డాక్టరు కూడా ఒక స్టీలు కడ్డీ మోగించి, చెవి ముందు ఒకసారి, చెవి వెనక ఒకసారి పెట్టి చూశారట. ఆ తర్వాత మిషన్ మీద పరీక్షలు చేసి ఆపరేషన్‌తో చాలావరకు బాగవుతుందన్నారు.

క్యాబ్ సూపర్‌వైజర్‌తో సలోమియే మాట్లాడింది. ఏదీ దాచలేదు. చెవి బాగయి, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ డ్యూటీ ఇస్తామని అతను ఒప్పుకున్నాడు. ఈలోగా నేను ఇంజన్ విప్పాను. పాత చైనును కొత్తదాని పక్కన బల్ల మీద పరిచి చూస్తే, సాగిన తేడా కంటికే కనిపించింది. చైను, పళ్ళ చక్రాలు, టెన్షనర్ అన్నీ మార్చాను. పళ్ళ చక్రాల మీద ఉండే టైమింగ్ గుర్తులు కలిశాక వెంటనే స్టార్ట్ చేయకూడదు. ముందు ఇంజన్ను చేత్తో మెల్లగా తిప్పి, ఎక్కడా ఏదీ తగలట్లేదని చూసుకోవాలి. ఆయిల్ సరిగ్గా మార్చకపోతే పేరుకునే నల్లటి మడ్డి ఆ ఇంజన్ లోపల లేదు. అంత శ్రద్ధగా చూసుకున్నా చైను సాగింది. వయసుతో అరిగేవి అరుగుతాయి. అందులో అతని తప్పేమీ లేదని, ఆపరేషన్‌కు వెళ్ళేముందు అతని ఎదురుగా నిలబడి మరీ చెప్పాను.

ఆపరేషన్ ఒక చెవికే చేశారు. తర్వాత కొన్నాళ్ళు తల తిరుగుతోందని గోడ పట్టుకుని నడిచాడు. శబ్దాలు ఒక్కసారిగా రాలేదు. వచ్చినవి కూడా మొదట్లో రేకు మీద కొట్టినట్టు ఉండేవట. మెల్లమెల్లగా సర్దుకున్నాయి. రెండో చెవికి ప్రస్తుతానికి వినికిడి మిషన్ చాలన్నారు.

చలికాలం చివర్లో ఇద్దరూ బండి తీసుకుని గ్యారేజీకి వచ్చారు. రత్నం పక్క షాపువాళ్ళతో కబుర్లలో పడ్డాడు. సలోమి లోపలికి వచ్చి కూర్చుంది. ఆమె అలా స్థిమితంగా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. కిందటి ఆదివారం జరిగింది చెప్పింది.

బండి నడపొచ్చని డాక్టరు చెప్పడంతో, చర్చిలో ప్రార్థన అయ్యాక ఇద్దరూ అలా కోకాపేట వైపు వెళ్ళారట. కొత్త టవర్ల పక్కన రోడ్డు ఖాళీగా ఉంది. మాటల్లో ఆమె వార్డులో చనిపోయిన ఒక ముసలాయన గురించి ఏదో అంది. ఆయనకు ఎవరూ రాలేదు, చివరిదాకా ఆయన చేయి పట్టుకుని ఈమే కూర్చుంది. రత్నం ఆశ్చర్యంగా చూసి, ఇది నాకెప్పుడూ చెప్పలేదే అన్నాడట.

"చెప్పాను, మీరు తలూపారు అన్నానన్నయ్యా," అంది సలోమి. "ఆయన బండి పక్కకు తీసి ఆపేశారు. అవన్నీ మళ్ళీ చెప్పు, మొదట్నుంచి చెప్పు, నేను ఒక్కటి కూడా వినలేదు అన్నారు."

ఆమె చెప్పిందట. ఒక్కొక్కరి గురించి, పేర్లు గుర్తున్నవాళ్ళ గురించి, పేర్లు తెలియనివాళ్ళ గురించి. ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చుని ఆ రోజుల్లో ఆమె చెప్పినవన్నీ, ఎవరికీ అందకుండా పోయినవన్నీ. ఎండ నడినెత్తికి వచ్చేదాకా బండి అక్కడే ఉంది. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదట. ఆపరేషన్ అయిన చెవి ఆమె వైపు తిప్పి, ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాడట.

ఇది చెబుతూ ఆమె ఏడవలేదు. భుజాల మీద నుంచి బరువు దించుకున్న మనిషిలా ఉంది. నేనే లేచి, ఏదో పని ఉన్నట్టు అటు తిరిగాను.

ఇన్నేళ్ళలో ఎన్నో ఇంజన్లు విప్పాను. చాలావాటి సంగతి మర్చిపోయాను. ఈ కేసు మాత్రం నా పని పద్ధతినే మార్చింది. గ్యారేజీకి వచ్చేవాళ్ళలో ముభావంగా ఉండేవాళ్ళుంటారు, అడిగినదానికి పొడిగా తలూపి ఊరుకునేవాళ్ళుంటారు. వాళ్ళది పొగరనో కోపమనో నేనిప్పుడు తీర్మానించుకోను. చేతిలో పనిముట్టు పక్కన పెట్టి, వాళ్ళ ఎదురుగా వెళ్ళి, నా మొహం కనపడేలా నిలబడి ఇంకోసారి అడుగుతాను. చాలాసార్లు ఆ రెండోసారికే మనిషి నోరు విప్పుతాడు.